పేరు మార్చాం అనే తాయెత్తు

హేతువాదులకి ఒక మంచి అలవాటుంది. ఎవరేం చెప్పినా "రుజువేదీ?" అని అడుగుతాం. బాబాని అడుగుతాం, జ్యోతిష్కుణ్ణి అడుగుతాం, వాస్తు పండితుణ్ణి అడుగుతాం. కానీ ఆ బాబా చేతిలో మోసపోయినవాళ్ళు, చేతబడి చేస్తోందని ఊరు వెలివేసినవాళ్ళు మన దగ్గరికి వచ్చి గోడు చెప్పుకున్నాక ఆ సమాచారాన్ని మనం ఏం చేస్తున్నాం? ఎక్కడ రాస్తున్నాం, ఎవరికి చూపిస్తున్నాం, ఎన్నాళ్ళు దాస్తున్నాం? ఈ ప్రశ్న మనల్ని ఎవరూ అడగరు. మనల్ని మనమూ అడుక్కోం. అందుకే ఈ నాలుగు మాటలు.

మా సంఘంలో ఫిర్యాదుల రిజిస్టరు కొన్నేళ్ళుగా నేనే చూస్తున్నాను. దీనికి ఆఫీసు లేదు, జీతం లేదు. ఒక ఫోను, రెండు నోటుపుస్తకాలు, తాళం వేసుకునే బీరువాలో ఒక అర. అంతే. ఫోను చేసేవాళ్ళలో ఆడవాళ్ళు ఎక్కువ. బాణామతి చేసిందని నింద పడ్డవాళ్ళు, సంతానం కోసం పూజ చేయిస్తానన్న స్వామి దగ్గర ఎవరికీ చెప్పుకోలేనిది ఎదురైనవాళ్ళు, లంకెబిందెల ఆశతో ఎకరం పొలం అమ్ముకున్నవాళ్ళు, అంజనం వేసి దొంగ నువ్వేనని తేలిస్తే ఊళ్ళో తలెత్తుకోలేనివాళ్ళు. వీళ్ళలో ఒక్కరి కథ కూడా ఇక్కడ చెప్పను. ఎందుకు చెప్పకూడదో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ముందు బాబాల వైపు నుంచి చూద్దాం. 1986లో అమెరికాలో జేమ్స్ రాండి బయటపెట్టిన పీటర్ పోపాఫ్ సంగతి మన మిత్రుల్లో చాలామందికి తెలిసే ఉంటుంది. స్వస్థత సభకు వచ్చినవాళ్ళ పేర్లూ, చిరునామాలూ, జబ్బులూ "దేవుడు చెవిలో చెబుతున్నట్టు" పోపాఫ్ గడగడా చెప్పేవాడు. రాండి మనుషులు రేడియో స్కానరు పట్టుకెళ్ళి వింటే ఆ చెవిలో దేవుడు పోపాఫ్ భార్య అని తేలింది. సభకు వచ్చినవాళ్ళు తమ చేత్తో నింపి ఇచ్చిన ప్రార్థన కార్డుల్ని ఆవిడ చదివి వినిపిస్తోంది. మనం ఈ కథ చెప్పి నవ్విస్తాం. కానీ దీనిలో అసలు సంగతి రేడియో కాదు, ఆ కార్డులు. కష్టంలో ఉన్న మనిషి నమ్మి రాసిచ్చిన నాలుగు వాక్యాలే ఆ వ్యాపారానికి పెట్టుబడి. మన దగ్గర రేడియో కూడా అక్కర్లేదు. ఆశ్రమం వరండాలో పక్కన కూర్చుని "ఏ ఊరమ్మా, ఏం కష్టమొచ్చింది?" అని పలకరించే శిష్యురాలు ఉంటే చాలు.

మన రిజిస్టరు కూడా అలాంటి కార్డుల కట్టే. అదే మనిషి, అదే కష్టం, అవే వివరాలు. మనం మంచివాళ్ళం కాబట్టి మన దగ్గర భద్రమే అనుకోవడం ఒక నమ్మకం. దానికి రుజువు మన ఉద్దేశాల్లో దొరకదు, మనం పాటించే పద్ధతిలోనే దొరకాలి.

ఆ పద్ధతి లేకపోతే ఏమవుతుందో ఊహించుకోనక్కర్లేదు. ఆశారాం మీద, అతని కొడుకు మీద నడిచిన కేసుల్లో సాక్షుల మీద వరసగా దాడులు జరిగాయి. 2014, 2015 సంవత్సరాల్లో ముగ్గురు సాక్షుల్ని కాల్చి చంపారు. ఆ కేసుల నేపథ్యంలోనే వచ్చిన మహేందర్ చావ్లా పిటిషను మీద సుప్రీంకోర్టు 2018 డిసెంబరు 5న సాక్షుల రక్షణ పథకాన్ని ఆమోదించి, చట్టం వచ్చేదాకా దాన్నే చట్టంగా పాటించమంది. ప్రమాదం తీవ్రతని బట్టి సాక్షుల్ని మూడు తరగతులుగా విడగొట్టడం, ప్రమాదం ఎంతో పోలీసు అధికారి నివేదిక ఇవ్వడం, జిల్లా జడ్జి అధ్యక్షతన ఉన్న కమిటీ నిర్ణయం తీసుకోవడం, అవసరమైతే గుర్తింపు దాచడం, ఇల్లు మార్పించడం ఇవన్నీ అందులో ఉన్నాయి. 2023లో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 398వ సెక్షను కూడా ప్రతి రాష్ట్రం ఇలాంటి పథకాన్ని నోటిఫై చెయ్యాలంటోంది. ఇంత పకడ్బందీ వ్యవస్థ దేనికోసం? ఒక పేరూ, ఒక చిరునామా తప్పుడు చేతుల్లో పడకుండా ఉండటానికి. అదే పేరూ చిరునామా మన కార్యకర్త సెల్‌ఫోనులో తాళం లేకుండా ఉంటే ఆ పథకం ఏ మూలకి?

ఈ సంగతి మా సంఘం సమావేశంలో ఎత్తితే మా పెద్దాయన ఒకరు అడ్డం తిరిగారు. అందరం మాస్టారు అంటాం. నలభై ఏళ్ళకు పైగా ఊరూరూ తిరిగి నిప్పుల మీద నడిచి, నాలుకలో శూలం గుచ్చుకుని చూపించి, అందులో మహిమ లేదని చెప్పినవారు. ఆయన వాదన తేలికైంది కాదు.

"పేరు లేని కథకీ పుక్కిటి పురాణానికీ తేడా ఏముందమ్మా? ఎవరో స్వామి ఎక్కడో ఎవరికో క్యాన్సరు నయం చేశాడంటే, ఎవరికి, ఏ ఊళ్ళో అని నిలదీసేది మనమే కదా? రేపు వాళ్ళు మనల్ని అదే అడిగితే ఏం చెబుతావు?" అన్నారు.

నేను చాలా రోజులు దీని గురించి ఆలోచించాను. మాస్టారి ప్రశ్నకి జవాబు మన అనుభవంలోనే ఉంది. పేరూ, ఊరూ, ఫోటో అన్నీ ఉన్న మహిమలు మనం తక్కువ చూశామా? "నా మోకాళ్ళ నొప్పులు పది రోజుల్లో మాయం" అని పేరుతో, బొమ్మతో పేపర్లలో, టీవీల్లో వచ్చే ప్రకటనల్ని మనం ఒక్కనాడైనా నమ్మామా? మంత్రతంత్ర చికిత్సల ప్రకటనల మీద 1954లోనే కేంద్రం చట్టం చేసింది. ఆ ప్రకటనల్లో పేరుంది, రుజువే లేదు. అంటే పేరు రుజువు కాదని మనకి ముందే తెలుసు. రుజువంటే డాక్టరు రిపోర్టు, స్వామి ఇచ్చిన పొడిని ల్యాబులో పరీక్షిస్తే తేలిన సంగతి, డబ్బు చేతులు మారిన రసీదు, తేదీ, ఇంకొకరు మళ్ళీ సరిచూడగల వివరం. వైద్య పత్రికల్లో రోగుల కేసులు పేర్లు లేకుండానే అచ్చవుతాయి. వాటిని పుక్కిటి పురాణాలని ఎవరూ అనరు. ఎందుకంటే రికార్డు ఆసుపత్రిలో ఉంటుంది, అడగవలసినవాళ్ళు అడిగితే చూపించవచ్చు. రుజువుని పరిశీలించే చోటు వేరు, ప్రచారం చేసే చోటు వేరు. బాధితురాలి పేరు పోలీసుకి కావాలి, కోర్టుకి కావాలి. కరపత్రం చదివేవాడికి అక్కర్లేదు.

మాస్టారు కొంత మెత్తబడి "సరే, పేరు మార్చి వేద్దాం" అన్నారు. దగ్గర దగ్గర అందరూ చేసేది ఇదే. పేపర్లలో కథ కింద చిన్న అక్షరాలతో "పేరు మార్చాం" అని ఉంటుంది. మిత్రులు కోపగించుకోకపోతే ఒక మాట అంటాను. ఇది తాయెత్తు. కట్టినవాడికి ధైర్యం, కట్టించుకున్నవాడికి ధైర్యం, లోపల ఏమీ ఉండదు.

ఎలాగో చూడండి. ఫలానా మండలంలో ముప్ఫయ్యేళ్ళ వితంతువు, అంగన్‌వాడీలో పని చేస్తుంది, ఇద్దరు పిల్లలు, మొన్న శ్రావణమాసంలో ఫలానా స్వామి ఆశ్రమానికి వెళ్ళింది అని రాసి, పేరు మాత్రం "లక్ష్మి" అని మార్చామనుకోండి. హైదరాబాదులో చదివేవాడికి ఆమె ఎవరో తెలియదు. కానీ హైదరాబాదువాడి వల్ల ఆమెకి వచ్చే ప్రమాదం ఏముంది? ప్రమాదం ఉన్నది ఆ ఊరివాళ్ళ వల్ల, బావమరుదుల వల్ల, స్వామి మనుషుల వల్ల. వాళ్ళకి ఆ వాక్యంలో పేరు తప్ప అన్నీ దొరికాయి. ఎవరికి తెలియకూడదో వాళ్ళకే తెలిసేటట్టు రాసి, ఎవరికి తెలిసినా ఫరవాలేదో వాళ్ళ దగ్గర దాచామన్నమాట.

లటాన్యా స్వీనీ అనే కంప్యూటరు శాస్త్రవేత్త 2000లో అమెరికా జనాభా లెక్కలు తీసుకుని ఒక లెక్క కట్టింది. పుట్టిన తేదీ, ఆడా మగా, పోస్టలు పిన్ కోడు ఈ మూడూ చాలు, ఆ దేశంలో 87 శాతం మందిని విడిగా గుర్తు పట్టవచ్చని. అంతకుముందే ఆమె పేర్లు తీసేసి ఇచ్చిన ఆరోగ్య రికార్డుల్లోంచి ఒక రాష్ట్ర గవర్నరు రికార్డుని బయటికి తీసి చూపించింది. అన్ని కోట్ల జనం ఉన్న దేశంలోనే మూడు ముక్కలు చాలితే, మూడు వందల గడపల ఊళ్ళో ఎన్ని కావాలి?

చట్టానికి ఈ సంగతి కొంత తెలుసు. పిల్లల మీద లైంగిక నేరాలకు సంబంధించిన 2012 నాటి పోక్సో చట్టం 23వ సెక్షను, మీడియా పేరొక్కటే కాదు, చిరునామా, ఫోటో, కుటుంబ వివరాలు, బడి, ఉండే వీధి ఏవీ బయటపెట్టకూడదంటుంది. పెద్దవాళ్ళ విషయంలో 1983లో శిక్షాస్మృతిలో చేర్చిన 228ఏ సెక్షను ఉండేది, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షను ఆ పని చేస్తోంది. రెండేళ్ళ దాకా జైలు. 2018 డిసెంబరు 11న నిపుణ్ సక్సేనా కేసులో సుప్రీంకోర్టు ఇంకాస్త ముందుకెళ్ళి, ఆమెను గుర్తుపట్టడానికి దూరంగానైనా దారి తీసే ఏ వివరమూ ప్రచురించరాదని చెప్పింది. చనిపోయినా సరే ఆ రక్షణ ఉంటుందంది.

అయితే బాధితురాలే తన పేరు చెప్పుకుంటానంటే? అది ఆమె హక్కు. లిఖితపూర్వకంగా ఆమె అనుమతిస్తే చట్టం కూడా ఒప్పుకుంటుంది. కోల్‌కతా పార్క్ స్ట్రీట్ కేసులో సుజెట్ జోర్డాన్ 2013లో నా పేరు ఇదీ, నేనెందుకు సిగ్గుపడాలి అని ముందుకొచ్చింది. గొప్ప ధైర్యం. కానీ ఆ ధైర్యం ఆమెది. మన ఉద్యమానికి పనికొస్తుందని ఇంకొకరి తరఫున మనం ధైర్యం చెయ్యడానికి వీల్లేదు.

ఇక చట్టం కప్పని చోటుంది. మనకి రోజూ తగిలేది అదే. బాణామతి నింద పడ్డ మనిషి లైంగిక నేర బాధితురాలు కాదు, కాబట్టి ఆమె పేరుకి పై సెక్షన్ల రక్షణ లేదు. 2016లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో ఎఫ్.ఐ.ఆర్.లను 24 గంటల్లో పోలీసుల వెబ్‌సైటులో పెట్టాలని సుప్రీంకోర్టు చెప్పింది. మంచి తీర్పే, నిందితుడికి తన మీద ఏం కేసు ఉందో తెలియాలి కదా. సున్నితమైన కేసులు మినహాయించవచ్చంది. లైంగిక నేరాలు, ఉగ్రవాదం, పోక్సో ఉదాహరణలుగా చెప్పింది. పెట్టకూడదని నిర్ణయించే అధికారం డి.ఎస్.పి.కి, ఆ పైవాళ్ళకి ఇచ్చింది. మంత్రగత్తె అని కొట్టిన కేసు సున్నితమైనదో కాదో ఆ అధికారి ఇష్టం. అందుకే మేము ఫిర్యాదు ఇప్పించడానికి వెళ్ళినప్పుడు, దీన్ని బహిరంగంగా పెట్టవద్దని విడిగా ఒక కాగితం రాసి ఇస్తాం. ఖర్చు లేని పని.

మన పత్రికల్లో మనం చేసే పని కూడా ఉంది. "ఫలానా ఊళ్ళో ఫలానా ఆవిడ మంత్రగత్తె కాదు, అదంతా మూఢనమ్మకం" అని సదుద్దేశంతో రాస్తాం, మన బ్యానరు కింద ఆమెని నిలబెట్టి ఫోటో వేస్తాం. ఆమె పేరూ "మంత్రగత్తె" అనే మాటా ఒకే వాక్యంలో అచ్చయి కూర్చుంటాయి. రేపు ఆమె కూతురికి సంబంధం చూసేవాళ్ళు ఆ వాక్యంలో "కాదు" అన్న మాట చదువుతారని హామీ ఏమీ లేదు.

అలాగని ఏమీ అడక్కుండా, ఏమీ రాసుకోకుండా సాయం చెయ్యలేం. ఉదాహరణకి కులం. హేతువాద సంఘం కులం అడగడమేమిటని మాలో కొందరికి అభ్యంతరం. కానీ ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో, మంత్రగత్తె అనే నింద మోపి దళితుల్నీ గిరిజనుల్నీ శారీరకంగా గానీ మానసికంగా గానీ హింసించడం ప్రత్యేక నేరంగా చేర్చారు. బాధితురాలి కులం తెలియకపోతే ఆ సెక్షను పెట్టమని మనం అడగలేం. కాబట్టి అడుగుతాం, ఎందుకు అడుగుతున్నామో చెప్పి అడుగుతాం. లంకెబిందెల మోసం కేసులో అడగం, అక్కడ దాంతో పని లేదు. నియమం "అడగొద్దు" అని కాదు, "ఎందుకో చెప్పలేని ప్రశ్న అడగొద్దు" అని.

మా పద్ధతి ఇంతే. ఒక పుస్తకంలో నంబరూ, జరిగిన సంగతీ ఉంటాయి. ఇంకో పుస్తకంలో నంబరూ, పేరూ, ఫోనూ ఉంటాయి. రెండూ ఒక చోట ఉండవు. తిరిగి ఫోను చెయ్యాలంటే ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుంది, ఏ వేళప్పుడు చెయ్యాలి, వేరేవాళ్ళు ఎత్తితే ఎవరినని చెప్పాలి అని ముందే అడిగి పెట్టుకుంటాం. చాలా ఇళ్ళల్లో ఫోను ఆవిడదే, చూసేది మాత్రం భర్త. వాట్సప్‌లో కాగితాల ఫోటోలు పంపించుకోం. ఒకరికి పంపింది ఎన్ని ఫోనుల గ్యాలరీల్లో చేరుతుందో ఎవరికీ లెక్క ఉండదు.

అన్నిటికంటే ముఖ్యమైంది, అవతలివాళ్ళు నోరు తెరవక ముందే మేము చెప్పే మాట. "ఎవరికీ చెప్పం" అని మేము మాట ఇవ్వం. ఎందుకంటే అది అబద్ధం. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే, తెలిసిన ప్రతివాళ్ళూ పోలీసులకి చెప్పి తీరాలని పోక్సో 19వ సెక్షను. చెప్పకపోతే అదీ నేరమే. కోర్టు అడిగితే రిజిస్టరు ఇవ్వాలి. ఈ రెండూ ముందు చెప్పి, ఆ తర్వాత చెప్పమంటాం. కొందరు అక్కడే ఫోను పెట్టేస్తారు. బాధగానే ఉంటుంది. ఐనా, తీర్చలేని వాగ్దానం చేసి మనిషి చేత మాట్లాడించడం బాబాల విద్య, మనది కాదు. 181 మహిళా హెల్ప్‌లైనుకి చేసినా, 1098కి చేసినా అడిగి తెలుసుకోవలసిన సంగతి ఇదే. 1996లో ముంబైలో స్వచ్ఛంద సంస్థగా మొదలైన 1098ని 2023లో ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుని 112 అత్యవసర సేవతో కలిపింది. మంచో చెడో వేరే చర్చ. ఫోను చేసే మనిషికి మాత్రం వినేది ఎవరో తెలియాలి.

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చి దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో వెనక్కి తీసుకోవడమూ అంతే తేలిక కావాలని, నోటీసు తెలుగులో కూడా దొరకాలని అందులో ఉంది. కానీ ఆ చట్టం కంప్యూటరుకెక్కిన సమాచారానికే. మన నోటుపుస్తకం జోలికి అది రాదు. చట్టం రాని చోట మనం ఏం చేస్తామన్నదే మన నీతికి పరీక్ష. హేతువాదికి ఆ మాట చెప్పడానికి దేవుడి భయం అక్కర్లేదు కదా.

చివరికి మాస్టారి ఇనప్పెట్టె దగ్గరికి వద్దాం. అసలు పేచీ అక్కడే. ఆయన ఇంట్లో ఒక పెట్టె నిండా 1980ల నుంచి వచ్చిన ఇన్‌లాండు ఉత్తరాలు, ఫోటోలు, స్టాంపు కాగితాల మీద వాంగ్మూలాలు ఉన్నాయి. వాటన్నిటినీ పుస్తకంగా వెయ్యాలని ఆయన కోరిక. "నేను పోయాక ఇవన్నీ పోతాయమ్మా. వీళ్ళకి అసలేమీ జరగనట్టే అవుతుంది" అన్నారు. ఆ మాటకి నా దగ్గర సులువైన జవాబు లేదు.

వాళ్ళందర్నీ వెతికి అనుమతి అడుగుదామని ఒకరన్నారు. ముప్ఫయ్యేళ్ళ తర్వాత ఆ ఇంటికి ఒక ఉత్తరం వెళితే దాన్ని విప్పేది కోడలో మనవడో. వాళ్ళకి తెలియని గతాన్ని అనుమతి అడిగే పేరుతో మనమే మోసుకెళ్ళి ఇచ్చినట్టవుతుంది. అది కుదరదని తేల్చుకున్నాం. మోసం ఎలా జరిగింది, ఎంత డబ్బు పోయింది, పోలీసులు ఏం చేశారు, మన వాళ్ళు ఎలా బయటపెట్టారు ఇవి పుస్తకంలోకి వెళతాయి. జిల్లా, దశాబ్దం వరకే. ఎన్ని కేసులో లెక్క వేస్తాం. దేశంలో మంత్రతంత్రాల నెపంతో జరిగిన హత్యల్ని నేర గణాంకాల సంస్థ ఏటా లెక్కల్లో చూపిస్తుంది, ఒక్క పేరు లేకుండానే. ఆ లెక్క చూసి ఏమీ జరగలేదని ఎవరూ అనరు. ఉత్తరాల సంగతి మాత్రం ఇంకా తేలలేదు. కాల్చెయ్యాలని నా అభిప్రాయం. సీలు వేసి, ఒక తరం గడిచేదాకా తెరవకూడదని రాసి పెట్టాలని ఇంకొందరు. వాళ్ళ వాదనలోనూ బలం ఉంది.

ఆదివారాలు కూర్చుని వేరు చేస్తున్నాం. ఇప్పటికి సగం పైన అయింది. ఉత్తరాలు మాస్టారే చదువుతారు, మేము చదవం. మొన్న ఒకటి చదివి, మడిచి, పుస్తకం కట్టలో పెట్టకుండా పక్కన పెట్టారు. ఏమిటని అడిగితే "ఇది నాకు రాసింది, సంఘానికి కాదు" అన్నారు.

మీ ఊళ్ళలోనూ, మీ సంఘాల్లోనూ ఇలాంటి పెట్టెలుంటాయి. పాత పేపర్లు కొనేవాడి త్రాసులోకి ఎక్కకముందే వాటిని తెరిచి చూసుకోండి.